నాన్నగారి ఆరవ ఫారం

“అప్పటి ఎస్.ఎస్.ఎల్.సి. ఇప్పటి డిగ్రీతో సమానమని పెద్దవాళ్లు అంటూ ఉంటారు, నిజమేనా? 1940 ప్రాంతంలో హైస్కూలు చదువు ముగించినవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చెప్పండి” అన్నది ప్రశ్న. మా నాన్నగారు 1942 మార్చిలో కాకినాడలో ఎస్.ఎస్.ఎల్.సి., అంటే హైస్కూలు ఆఖరి పరీక్ష, రాశారు. ఆయనతో కలిసి రాసినవాళ్లందరూ నాకు ఇంట్లోవాళ్లంత బాగా తెలుసు కాబట్టి జవాబు చెబుతున్నాను.

సమానం కాదు. ఆరవ ఫారం, అంటే హైస్కూలు ఆఖరి తరగతి, ముగించిన కుర్రవాడు ఇంగ్లీషులో తప్పు లేకుండా అర్జీ రాయగలిగేవాడు, శతక పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పేవాడు, అణాలు పైసల్లో వడ్డీ కట్టమంటే కాగితం అడగకుండా నోటితో కట్టేవాడు. అంతవరకు నిజమే. అయితే పరీక్ష రాసిన వాళ్లందరూ ‘ఎలిజిబుల్’ అయ్యేవారు కాదు. కాలేజీలో చేరడానికి అర్హులైనవారి నంబర్లు మద్రాసు ప్రభుత్వ గెజిట్‌లో పడేవి. పడనివారు మార్కులు వేసిన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చేతపట్టుకుని గుమాస్తా పని కోసం తిరిగేవారు. నాన్నగారి క్లాసులో ముప్పై ఒక్కరు రాస్తే పదమూడు మంది ఎలిజిబుల్ అయ్యారు. ఆ తరాన్ని పొగిడేవాళ్లు ఎప్పుడూ ఆ పదమూడు మందినే చూపిస్తారు. మిగిలిన పద్దెనిమిది మంది కూడా ఆ బెంచీల మీదే కూర్చున్నారు. నాన్నగారు వాళ్లకు కూడా తలా ఒక పేజీ ఇచ్చారు.

2009లో నాన్నగారు పోయాక ఆయన ట్రంకు పెట్టెలో, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం కింద, దారంతో కుట్టిన కాగితాల కట్ట ఒకటి దొరికింది. మా తాతగారు వకీలు దగ్గర గుమాస్తాగా పని చేసేవారు. యుద్ధం రోజుల్లో కాగితం దొరకడం కష్టం కావడంతో పాత దావా చిత్తుల వెనుక వైపు ఖాళీలను నాన్నగారు వాడుకున్నారు. ఒక వైపు ఎవరిదో పొలం గట్టు తగాదా ఉంటుంది, కాగితం తిప్పితే మరొకవైపు ఒక స్నేహితుడు ఉంటాడు. పైన ‘మా ఆరవ ఫారం వాళ్లు’ అని శీర్షిక, లోపల ముప్పై మందికి ముప్పై పేజీలు. తన గురించి ఏమీ రాసుకోలేదు.

ఆ కట్ట పుట్టడానికి కారణం బాంబులు. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ రేవు మీద బాంబులు వేశాయి. పరీక్షలు ముగిసి కొద్ది రోజులే అయింది. వీడ్కోలు టీ పార్టీ జరగవలసి ఉండగానే ఊరు ఖాళీ అవడం మొదలైంది. బళ్లు దొరికినవాళ్లు బళ్ల మీద, పడవ దొరికినవాళ్లు కాలువ మీద, ఏదీ దొరకనివాళ్లు నెత్తిన మూటలతో లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. తాతగారు కుటుంబాన్ని రామచంద్రపురం దగ్గర తమ అత్తవారి ఊరికి పంపించారు. ఆరేళ్లు కలిసి చదువుకున్న పిల్లలు ఒకరికొకరు వెళ్లొస్తానని కూడా చెప్పుకోకుండా చెల్లాచెదురయ్యారు. నాన్నగారికి అప్పటికి పదిహేడేళ్లు. ఆ పల్లెటూళ్లో, అమ్మమ్మగారింటి అరుగు మీద కూర్చుని, వీళ్లలో ఎవరిని మళ్లీ చూస్తానో ఎవరిని చూడనో అనుకుంటూ హాజరు పట్టీ వరుసలో ఒక్కొక్కరి గురించి రాయడం మొదలుపెట్టారు. మొదటి పేజీలోనే ఈ మాట ఉంది కాబట్టి ఇది నా ఊహ కాదు.

ఇక్కడ వాళ్ల పేర్లు రాయను. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఉన్నారు, వాళ్లను అడగకుండా రాయడం పద్ధతి కాదు.

అన్నిటికంటే పెద్ద పేజీ రంగూన్ అబ్బాయిది. ఆ రోజుల్లో కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లి కూలి చేసి, మేస్త్రీ పని చేసి, ఇంటికి డబ్బు పంపించేవాళ్లు వేలల్లో ఉండేవారు. కాకినాడ పక్కనే ఉన్న కొరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కొరంగీలనే పిలిచేవారు. ఈ అబ్బాయి తండ్రి రంగూన్ రేవులో మేస్త్రీ. నెలనెలా మనియార్డరు వచ్చేది, దానితోనే స్కూలు ఫీజు కట్టేవాడు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అప్పటి నుంచి మనియార్డరు రాలేదు, ఉత్తరమూ రాలేదు. అబ్బాయి మాత్రం బడి మానలేదు. సాయంత్రం గంట కొట్టగానే నేరుగా రేవుకు వెళ్లేవాడని, ఓడ దిగి పడవల్లో ఒడ్డుకు చేరే ప్రతి మనిషినీ తండ్రి పేరు చెప్పి అడిగేవాడని, చీకటి పడ్డాక ఇంటికి వచ్చి వీధిదీపం కింద చదువుకునేవాడని నాన్నగారు రాశారు. గాలిదాడుల భయంతో వీధిదీపాలకు ముసుగులు వేశాక ఆ వెలుగు కూడా పోయిందట.

ఇప్పుడు ఫోటో సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంటి గోడ మీద నేను పుట్టక ముందు నుంచీ ఉంది. అట్ట మీద అతికించిన గ్రూప్ ఫోటో. మధ్య వరుసలో కుర్చీల మీద హెడ్మాస్టరు, తక్కిన మాస్టర్లు తలపాగాలతో, కోట్లతో ఉంటారు. వాళ్ల ముందు నేల మీద చిన్నవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటారు, వెనుక రెండు వరుసల్లో మిగిలినవారు నిలబడి ఉంటారు. సగం మందికి పిలకలు, సగం మందికి క్రాపులు. అందరికీ పంచెలే. చివరి వరుసలో ఎడమ నుంచి రెండవవారు నాన్నగారు. ఆయన ఒక భుజం కిందికి దిగి, మెడ కొంచెం వంగి ఉంటుంది. పక్కన చివర ఉన్న పొడుగాటి అబ్బాయి గేటు వైపు చూస్తున్నట్లుగా తల తిప్పి ఉంటాడు. చిన్నప్పుడు మేమందరం “నాన్నగారూ, మీరెందుకు వంకరగా నిలబడ్డారు?” అని అడిగేవాళ్లం. ఆయన “నిలబడడం చాతకాలేదమ్మా” అని ఊరుకునేవారు. అరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాట తప్ప మరొకటి చెప్పలేదు.

జరిగినది ఆ కాగితాల్లో ఉంది. ఫోటోకు తలా పన్నెండణాలు వంతు వేసుకున్నారు. రంగూన్ అబ్బాయి దగ్గర పన్నెండణాలు లేవు. ఆ రోజు పొద్దున కడుపునొప్పి అని చెప్పి గేటు వైపు నడిచాడు. నాన్నగారి దగ్గర ఆ డబ్బు ఉంది, కాని ఇస్తే పుచ్చుకోడని కూడా తెలుసు. అంతకుముందు పరీక్ష ఫీజుకు క్లాసంతా తలా కాస్త వేసుకుని, హెడ్మాస్టరు గారే కట్టారని అబద్ధం చెప్పి అతని చేత పరీక్షకు పేరు నమోదు చేయించారు. రెండవసారి అబద్ధం చెబితే కనిపెట్టేస్తాడు. అందుకని నాన్నగారు వెనకాలే వెళ్లి, చివరి వరుసలో ఈ చివర ఖాళీగా ఉందని, పొడుగాటివాడు నిలబడకపోతే ఫోటో బాగుండదని డ్రిల్లు మాస్టరు కేకలేస్తున్నారని చెప్పి పిలుచుకొచ్చారు. అది కూడా అబద్ధమే. అతను వచ్చి నిలబడ్డాడు గాని, ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోకి తల దూర్చగానే మెల్లగా పక్కకు జరగబోయాడు. నాన్నగారు వెనుక నుంచి అతని మణికట్టు పట్టుకున్నారు. అతను లాగాడు. నాన్నగారు వదల్లేదు. యుద్ధం వల్ల ఫోటో తీసే గాజు ప్లేట్లు దొరకడం లేదని, ఒక్కటే తీస్తానని, ఎవరు కదిలినా ముఖం చెరిగిపోతుందని ఫోటోగ్రాఫరు ముందే హెచ్చరించాడు. “ఆ చివర కుర్రాడూ, నిటారుగా నిలబడు” అని గుడ్డలోనుంచే అరిచాడట. నిటారుగా నిలబడితే చేయి జారిపోతుంది. అందుకని అలాగే వంగి ఉండిపోయారు. కెమెరా మూత తీసి పెట్టేంతసేపూ ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకరు లాగుతూ, ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

ఈ పేజీ చదివిన రోజున గోడ మీది ఫోటో దించి, కిటికీ దగ్గరకు తీసుకుపోయి, భూతద్దం పెట్టి చూశాను. చేతులు కనబడవు, ముందు వరుసలోని తలలు అడ్డం వచ్చాయి. భుజం మాత్రం కనబడుతుంది.

1942 మార్చి 8న రంగూన్ జపానువాళ్ల వశమైంది. పరీక్షల ముందు ఆ వార్త వచ్చింది, అబ్బాయి అన్ని పరీక్షలూ రాశాడు, ఎలిజిబుల్ కాలేదు. ఆ పేజీ చివర వేరే సిరాతో చేర్చిన వాక్యం ఉంది. తండ్రి జూన్ నెలలో వచ్చాడని, అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు దాకా నడిచి, అక్కడి నుంచి రైలెక్కి వచ్చాడని, వచ్చిన మనిషిని కొడుకు గుర్తుపట్టలేదని ఉంది. దాని కింద 1958 అని వేసి, ఫోటోకు మరో కాపీ తీయించి అతనికి పోస్టులో పంపినట్లు రాసి ఉంది. పదహారేళ్ల తరువాత! ఆ అబ్బాయి రేవులోనే గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాడు. మా పెళ్లిళ్లకు వచ్చి వెళ్లేవాడు. నా పెళ్లిలో పందిరి గుంజ పక్కన నిలబడ్డ పొడుగాటి పెద్దాయన ఆయనేనని నాకు అప్పుడు తెలియదు.

మిషన్ హాస్టలు అబ్బాయి పేజీ చదవడం నాకు ఇప్పటికీ కష్టం. క్లాసులో అందరికంటే మంచి ఇంగ్లీషు అతనిదే. జామెట్రీలో రైడర్లనే చిక్కు లెక్కలు నాన్నగారు, అతను కలిసి చేసేవారు. ఒక ఆదివారం నాన్నగారు అతన్ని ఇంటికి పిలిచారు. మా మామ్మ అతన్ని అరుగు మీదే కూర్చోబెట్టింది, మంచినీళ్లు అడిగితే దోసిలి పట్టమని పైనుంచి పోసింది. అతను తాగి, మూతి తుడుచుకుని, రైడరు పూర్తి చేసి, వెళ్లొస్తానమ్మా అని చెప్పి వెళ్లాడట. మర్నాడు క్లాసులో ఎప్పటిలాగే పక్కన కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్నడూ మా వీధికి రాలేదు, ఎందుకు రాలేదో చెప్పలేదు, తానూ అడగలేదు అని నాన్నగారు రాశారు. అడగకపోవడం తన తప్పని కూడా రాశారు. ఆ తరాన్ని ఆకాశానికెత్తేవాళ్లు ఈ పేజీ కూడా చదవాలి. 1970ల్లో చేర్చిన మాట ఏమిటంటే, అతను హెడ్మాస్టరుగా రిటైరైన రోజున నాన్నగారు వెళ్లి వాళ్లింట్లో భోజనం చేసి వచ్చారు. ఆ రాత్రి మామ్మకు ఆ సంగతి చెప్పారట. మామ్మ ఏమన్నదో రాయలేదు.

క్లాసులో ఆడపిల్ల ఒక్కతే ఉండేది. ఆమెకు నాలుగు వాక్యాలే వచ్చాయి. మాస్టరు వెంట క్లాసులోకి వచ్చి, మాస్టరు వెంటే వెళ్లిపోయేది. పక్కగా వేసిన బెంచీ మీద కూర్చునేది. మూడేళ్లలో ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు కనుక చెప్పగలిగింది ఆమె దస్తూరీ గురించి మాత్రమేనని, నల్లబల్ల మీద ఆమె రాస్తే తుడవడానికి ఎవరికీ చేయి రాదని నాన్నగారు రాశారు. తెలియనిది కల్పించకుండా తెలిసిన ఒక్క సంగతినీ అంత మర్యాదగా రాసినందుకు నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

ఒకే ఫారంలో మూడేళ్లు ఉండిపోయి మీసాలు వచ్చిన పెద్దవాడు ఒకడు ఉండేవాడు. అందరూ అన్నయ్యా అని పిలిచేవారు. ఇంగ్లీషు పరీక్ష అంటే చెమటలు పట్టేవి గాని, స్కూలు ఫుట్‌బాలు జట్టుకు గోల్‌కీపరు అతనే. ఉత్తి కాళ్లతో ఆడేవాడు. చిన్నవాళ్ల పుస్తకాలు తడవకుండా వానలో తన పంచె చివర కప్పి తీసుకుపోయేవాడు. ఆగస్టు (క్విట్ ఇండియా) ఉద్యమంలో మొదట జైలుకు వెళ్లింది అతనే. కాలేజీలో చేరినవాళ్లు తరగతులు మాని ఊరేగింపు చేస్తే, ఏ కాలేజీలోనూ చేరని ఇతను ముందు నడిచాడు, రాజమండ్రి జైలులో ఆరు నెలలు ఉన్నాడు. తరువాత ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, పింఛనుకు దరఖాస్తు పెట్టమంటే పెట్టలేదు.

ఇక వీధి నాటకాల పద్యాలు పాడేవాడు, సైకిలు మీద చేతులు వదిలి వంతెన దిగేవాడు, మద్రాసు వెళ్లి మిలిటరీ అకౌంట్సులో చేరినవాడు, సప్లై ఆఫీసులో రేషను కార్డులు రాసినవాడు, పెళ్లయిన ఏడాదికే టైఫాయిడుతో పోయినవాడు, ఇంకా చాలామంది ఉన్నారు. అందరి గురించీ ఇక్కడ చెప్పలేను. అందరి పేజీల్లోనూ ఒకటే పద్ధతి. మార్కుల ప్రస్తావన ఎక్కడా లేదు. ఎవడు ఎలా నడుస్తాడు, ఎవడు దేనికి నవ్వుతాడు, ఎవడు కోపం వస్తే మాట్లాడకుండా గోళ్లు కొరుక్కుంటాడు, ఇవే ఉన్నాయి.

నేను ముప్పై మూడేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. నా దగ్గర చదివిన ఒక్క క్లాసు గురించి అలా ముప్పై పేజీలు రాయమంటే రాయలేను. పిల్లలూ ఒకరి గురించి ఒకరు రాయలేరు. ర్యాంకులను బట్టి సెక్షన్లు చేసి, ప్రతి పరీక్షకూ సెక్షను మార్చే చోట పక్కవాడి నడక ఎవరికి గుర్తుంటుంది? నాన్నగారి క్లాసులో ఒక పాఠ్యపుస్తకాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. ఒకే పుస్తకం మీద మూడు తలలు వంగితే ముగ్గురూ ఒకరికొకరు తెలిసి తీరుతారు. ఆ ఆప్యాయతకు కారణం అదేనని నా నమ్మకం.

ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. ఈ మధ్య పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు చాలా జరుగుతున్నాయి. నేను మూడింటికి వెళ్లాను. ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ ఉంటాయి. వేదిక మీద ఎవరు ఏ దేశంలో ఉన్నారో, పిల్లలు ఏ కంపెనీల్లో ఉన్నారో చదువుతారు. అసలు రానివాడు ఎందుకు రాలేదని ఒక్కరూ అడగరు. శాలువా ఖర్చుకు వేసుకున్న వంతు ఇవ్వలేక ఎవరైనా గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లారేమో చూసేవాళ్లు ఉండాలి. అలాగే మీ ఇళ్లలో ఉన్న పాత గ్రూప్ ఫోటోలను కొత్త ఫ్రేములో పట్టడం లేదని కింది అట్ట కత్తిరించకండి. పేర్లు ఉండేది ఆ అట్ట మీదే. మా బంధువుల ఇంట్లో అలాగే కత్తిరించారు. ఇప్పుడు అందులో తాతగారు ఎవరో చెప్పగలిగినవాళ్లు లేరు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఫోటో ముందు పెట్టి, ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టించి, వెనుక రాసుకోండి.

చివరగా వారాలబ్బాయి. ఇతనిది ద్రాక్షారామం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు. కింది ఫారాల్లో ఉన్నప్పుడు అతను రోజూ ఆ రైల్లోనే బడికి వచ్చి వెళ్లేవాడు. 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు పీకి తీసుకుపోయారు. రైలు పోగానే చదువు ఆగిపోవలసినదే. మాస్టర్లు ఇద్దరు ముగ్గురు మాట్లాడి అతనికి ఊళ్లో వారాలు కుదిర్చారు. వారానికి ఏడు రోజులు, ఏడు ఇళ్లు, ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట్లో భోజనం. మంగళవారం మా ఇంట్లో. ఏ ఇంట్లో ఆవకాయ ఘాటో, ఏ ఇంట్లో మజ్జిగ పలచనో అతను ఎన్నడూ చెప్పలేదని, ఎవరెంత అడిగినా అన్నీ బాగుంటాయనే అనేవాడని నాన్నగారు రాశారు. అయితే మంగళవారం పనసపొట్టు కూర ఉన్న రోజున మాత్రం రెండవసారి అడిగి వేయించుకునేవాడట. అందుకని పనసకాయల కాలంలో మంగళవారాలు ఆ కూర చేయమని నాన్నగారు మామ్మ వెంటపడేవారట. ఈ సంగతి కూడా నాకు 2009లోనే తెలిసింది.

కాని అంతకు ఐదేళ్ల ముందు, 2004లో, కోటిపల్లి రైలు మార్గాన్ని మళ్లీ వేసి రైలు నడిపారు. అది మొదలైన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు మనుమడి భుజం పట్టుకుని నిలబడ్డారు. ద్రాక్షారామంలో రైలెక్కి వచ్చానని చెప్పారు. నాన్నగారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. పెద్దాయన లోపలికి రాకుండానే గట్టిగా, “ఏరా, ఇవాళ మంగళవారం” అన్నారు.

నాన్నగారు కర్ర కూడా తీసుకోకుండా లేచారు. ఇద్దరూ మెట్ల మీదే ఒకరి చేతులొకరు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నాకు ఏమీ అర్థం కాలేదు. మంగళవారమైతే ఏమిటని అడిగితే ఇద్దరూ చెప్పలేదు. “అమ్మాయ్, ఆకులు వెయ్యి” అన్నారు నాన్నగారు. ఆ రోజు ఇంట్లో బీరకాయ పప్పు, వంకాయ వేపుడు ఉన్నాయి. ఎలా ఉన్నాయని నేను అడిగితే, అన్నీ బాగున్నాయమ్మా అన్నారు పెద్దాయన.